దండోరా నుంచి సెల్లు కెమెరా దాకా: వార్త ఎవరిది?

ఊళ్ళో మొట్టమొదటి విలేకరి ఎవరు? పత్రికల చరిత్ర రాసిన పండితులు ఈ ప్రశ్న వేసుకోలేదు. గ్రామాధికారి హుకుంను తప్పెట కొట్టి వీధివీధినా చాటినవాడు, చావు కబురు పట్టుకుని ఎండనక వాననక పొరుగూళ్ళకు నడిచినవాడు మాల, మాదిగ వెట్టివాడే. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం బెంగుళూరు రైలుదారి మీద వరుసగా ఉన్న ఊళ్ళు. రైలూ తంతీ రాకముందు ఈ సీమలో కబురు నడిచింది మనోళ్ళ కాళ్ళ మీదే. కాళ్ళు మనవి, కబురు మాత్రం మనది కాదు. పేటకు జరిగిన అన్యాయాన్ని చాటమని ఆ తప్పెటకు ఎవరూ హుకుం ఇవ్వలేదు.

కత సంగతీ అంతే. 1882లో బళ్ళారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా అయిన ఈ ప్రాంతంలో అమ్మవార్ల జాతరల్లో పాడి ఆడినవాళ్ళు ఆసాదులు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లో వాళ్ళొక కులం పేరుగా నమోదయ్యారు. కతకులుగా సాహిత్య చరిత్రలోకి ఎక్కలేదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల్ని చూడండి. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది, సంతోషం. అయితే సినిమా, టీవీ వచ్చి ఆట చూసేవాళ్ళు తగ్గాక ఆ చేతులు ల్యాంపుషేడ్ల మీదికి మళ్ళాయి. బొమ్మ బతికింది, కత పలచబడింది. వీడియో గురించి మాట్లాడేటప్పుడు ఈ పాఠం మరవకూడదు.

అచ్చు యుగంలో మనవాళ్ళు ఊరికే కూచోలేదు. భాగ్యరెడ్డి వర్మ 'భాగ్యనగర్' నడిపాడు, కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపాడు. పెట్టుబడి లేని పత్రికలు ఎంతకాలమని నిలుస్తాయి? 1989 నుంచి 'ఈనాడు' జిల్లా అనుబంధాలతో వార్త మండలం దాకా దిగింది, పేట దాకా మాత్రం రాలేదు. 1996లో బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో దళిత పాత్రికేయుడి కోసం వెదికి, ఒక్కడూ దొరకలేదని 'పయొనీర్'లో రాశాడు. రాసేవాడే లేనిచోట రాత ఎట్లుంటుందో వేరే చెప్పాలా?

ఈ గోడకు మొదట కన్నం పెట్టినవాళ్ళలో అక్షరం రాని ఆడవాళ్ళున్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు, ఆన్‌లైన్ వీడియో రాకముందే, కెమెరా పట్టారు. పట్టి ఊరుకోలేదు, దానికి తమ భాషలో వ్యాకరణం రాశారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కిందినుంచి పైకి చూసేది బానిస షాట్. కళ్ళకు కళ్ళు సమంగా ఉండేది సంఘం షాట్. మాధ్యమ సిద్ధాంతం ఇంతకన్నా సూటిగా చెప్పిన పుస్తకం ఏది?

యూట్యూబ్ 2005లో పుట్టింది. 2010ల మొదట్లో హైదరాబాద్‌లో పరిశోధక విద్యార్థి బి. రవిచంద్రన్ మొదలుపెట్టిన 'దళిత్ కెమెరా' దాన్ని మన గొంతుకు వేదిక చేసింది. బాధితుణ్ణి రెండు వాక్యాలకు కత్తిరించకుండా మాట్లాడనిచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకై, సెల్లు కూలి చేసుకునేవాళ్ళ చేతిలోకీ వీడియోను తెచ్చింది.

అంతమాత్రాన కెమెరా మనదైపోయిందా? 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో దళితుల్ని కట్టి కొట్టినవాళ్ళు తామే వీడియో తీసి పంచుకున్నారు. అది గర్వంగా తీసిన పటేల్ షాట్. దాన్నే మనవాళ్ళు సాక్ష్యంగా తిప్పికొట్టారు. 2020 మే నెలలో విశాఖలో ఒక దళిత వైద్యుణ్ణి చేతులు కట్టి రోడ్డు మీద పడేసిన దృశ్యం జనం చూశారు. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. దృశ్యమే లేకపోతే ఆ కేసు ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

కాబట్టి ఉద్యమకారులకు రెండు మాటలు. మొదటిది: వైరల్ కావడం, కోర్టులో నిలవడం ఒకటి కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కావాలి. వాట్సాప్‌లో పదిచేతులు మారిన కాపీని నమ్ముకుని, తీసిన సెల్లు పోగొట్టుకుంటే కేసు బలహీనమవుతుంది. 2016 జనవరి 26 నుంచి అట్రాసిటీ చట్టం 15ఎ(10) ప్రకారం ఈ కేసుల ప్రొసీడింగ్స్ వీడియోలో రికార్డు చెయ్యాలి. అది చట్టం రాసిచ్చిన హక్కు, అడిగి తీసుకోవాలి.

రెండోది: యూట్యూబ్ మన పొలం కాదు, కౌలు భూమి. ఏది పైకి రావాలో, ఏది కనపడకుండా పోవాలో యజమాని లెక్క. ఆ లెక్కకు అరుపూ తిట్టూ పనికొస్తాయి, రాత్రంతా పాడే ఆసాది కత పనికిరాదు. ఒక నిమిషం ముక్క మిగిలి కత పోతే మనకూ ల్యాంపుషేడే మిగులుతుంది. ఈ మూడు ఊళ్ళ విద్యార్థులు, టీచర్లు పెద్దోళ్ళ అనుమతి తీసుకుని, కత మొత్తం తీసి, పేరు, ఊరు, తేదీ రాసి, ఒక కాపీ పాడినవాళ్ళ ఇంట్లో, ఒకటి కాలేజీ లైబ్రరీలో దాచాలి. నిన్నటి తప్పెట ఇంకొకరి హుకుం చాటింది. ఇవాళ్టి సెల్లు ఎవరి మాట చాటాలో మనమే తేల్చుకోవాలి.