ఆవుకు పావలా, ఏనుగుకు రెండు రూపాయలు

1871 నాటి పశువుల చొరబాటు చట్టంలో బందె, అంటే జరిమానా, రేట్ల పట్టిక ఒకటుంది. పరాయి చేలో ఏనుగు పడితే రెండు రూపాయలు. ఒంటెకూ గేదెకూ అర్ధరూపాయి. ఆవుకు, ఎద్దుకు, గుర్రానికి పావలా. దూడకూ గాడిదకూ పందికీ బేడ. మేకకు, గొర్రెకు అణా. కృష్ణా డెల్టాలో ఏనుగు వరిచేలో పడిన సంగతి నేనైతే వినలేదు, ఒంటె మాట సరేసరి. గేదెకు మాత్రం ఆవు కన్నా రెట్టింపు ఎందుకో మా వైపు ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. అది మేసేదాని కంటే తొక్కి పొర్లేది ఎక్కువ.

పంచాయతీ కార్యనిర్వహణాధికారిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేతికొచ్చిన పుస్తకాల్లో, చేలో పడ్డ పశువుల్ని కట్టేసే బందెలదొడ్డి రిజిస్టరు ఒకటి. ఇప్పుడు విజయవాడ శివార్లలో ఒక చిన్న జంతు సంరక్షణ కేంద్రం కమిటీలో ఉన్నాను. కుర్రాళ్లు షెల్టర్ అంటారు. రాబోయే ఐదేళ్లకు ఒక ప్రణాళిక రాసిపెట్టండి మాస్టారూ అని ఆ పని నాకు అంటగట్టారు. రాయడానికి కూర్చుంటే చేతికి తగిలింది ఆ పాత దొడ్డి లెక్కే. వీధినపడ్డ పశువును ఒకచోట కట్టేసి, మేత వేసి, పద్దు రాయడం మన ఊళ్లకు కొత్త పనేం కాదు.

అసలు దొడ్డి అవసరం ఎందుకు పడిందో డెల్టాలో చూస్తేనే బాగా తెలుస్తుంది. 1832-33లో గుంటూరు సీమను కరువు ఊడ్చిపెట్టాక, నీళ్లు సముద్రంలో కలిసిపోతుంటే జనం ఆకలికి చావడమేమిటని ఇంజనీర్లు పట్టుబట్టారు. గోదావరి మీద ఇంజనీరు కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడు. మన బెజవాడ ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. తర్వాత బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, అవతలి గట్టున కొమ్మమూరు కాలువ. నీళ్లొచ్చిన ప్రతి ఎకరం వరి అయింది. అంతకుముందు అందులో మేత బీడు కూడా ఉండేది. రైతు బాగుపడ్డాడు, నిజమే. కానీ మంద తిరగడానికి చోటు పోయింది. ఊడ్పుల దగ్గర్నుంచి కోతల దాకా గొడ్డు గట్టు మీద కాలు పెడితే నేరమే. స్తోమత ఉన్నవాళ్లు మందల్ని మెట్ట ఊళ్ల వైపు, లంకల్లోకి తోలేవారని మా పెద్దలు చెప్పేవారు. లేనివాళ్ల పశువులు చేల మధ్యే మిగిలాయి. పశువుల చొరబాటు మీద 1857లో ఒక చట్టం, దాన్ని తిరగరాసి 1871లో ఇంకోటి వచ్చాయి. అవి దేశమంతటికీ చేసినవి, మన కాలువలను చూసి కాదు. అయినా మా వైపు బందెలదొడ్డి గోడలు కాలువల వెంటే లేచినట్టు నాకనిపిస్తుంది.

ఆ చట్టం పనితీరు ముచ్చటగా ఉంటుంది. చేలో పడ్డ పశువును పట్టుకున్న రైతు 24 గంటల్లోగా దొడ్డికి చేర్చాలి. దొడ్డి కాపలాదారు రిజిస్టరులో ఎక్కించాలి: ఎన్ని, ఏ రకం, ఏ రోజు, ఏ గంటకు, తోలుకొచ్చిందెవరు, ఏ ఊరివాడు, యజమాని ఎవరో తెలిస్తే ఆ పేరు. బందె సొమ్ము, మేత ఖర్చు కడితే పశువును విప్పి ఇస్తారు. ఏడు రోజులైనా ఎవరూ రాకపోతే పోలీస్ స్టేషన్‌కు కబురు, ఊళ్లో, సంతలో టముకు. ఇంకో ఏడు రోజులు చూసి వేలం. ఖర్చులు పోగా మిగిలింది యజమాని వస్తాడేమోనని మూడు నెలలు దాచాలి. దొడ్డి కాపలాదారు ఆ వేలంలో పాడకూడదు. పట్టినవాణ్ణి కొట్టి పశువును విడిపించుకుపోతే ఆరు నెలల దాకా ఖైదు, లేదంటే ఐదు వందల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. పావలా బందె కట్టలేక పంతానికి పోయినవాడికి ఐదు వందలన్నమాట.

మా పంచాయతీ దొడ్డి నడుమెత్తు ఇటుక గోడ, లోపల ఒక గానుగ చెట్టు, ఒక మూల కుడితి గోలెం. రిజిస్టరులో గుర్తుల గడి దగ్గర గుమాస్తా తన ప్రతిభంతా చూపేవాడు: ‘కపిల ఆవు, కుడి కొమ్ము వంపు’, ‘నుదుట చుక్క పడ్డ, ఎడమ చెవి చీలిక’. మనుషుల ఆధార్ కార్డుల మీద కూడా ఇంత వివరంగా ఉండదు.

ఒకరోజు పొద్దు వాలాక ఒక ముసలావిడ గోడ బయట నిలబడి గొడవ. ‘బందె రేపు కడతాను బాబూ, ముందు పాలు పిండుకోనియ్యి. పొదుగు పగిలిపోతోంది దానికి.’ కాపలాదారు వినడు. ‘దొడ్డిలో ఉన్నంతసేపు పాలు దొడ్డివే నాయనమ్మా.’ అలా అని చట్టంలో ఎక్కడా లేదు. ఆవిడను లోపలికి పంపించి, పిండిన పాలు పట్టుకెళ్లమన్నాను. మర్నాడు పొద్దున్నే డబ్బు తెచ్చి గేదెను తోలుకుపోయింది. అతను వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అతని కోపానికీ కారణముంది. చాలాచోట్ల ఏటా దొడ్డిని పాటకు పెట్టేవారు. పాడుకుని కాపలా కాసేవాడికి ఎన్ని గొడ్లు లోపలికొస్తే అంత లాభం. చేలో పడకపోయినా దారిన పోయే ఆవును లోపలికి తోలేశారని తగాదాలు అందుకే వచ్చేవి. దొంగమేతకు అలవాటుపడ్డ ఆవుకు ఇంటివాళ్లే మెడలో గుదికర్ర కట్టేవారు. దేవుడికి వదిలిన అచ్చుబోసిన ఆబోతు జోలికి మాత్రం ఏ పాటదారూ పోయేవాడు కాదు. అది ఎవరి చేలో పడ్డా ఆ రైతు ప్రాప్తం.

ట్రాక్టర్లు వచ్చాక దుక్కిటెడ్లు తగ్గాయి. గేదెలు కొట్టాల్లో కట్టుమేతకు వచ్చాయి. 1984లో మునసబు, కరణాల వ్యవస్థ రద్దయింది. దొడ్డి స్థలాల్లో వాటర్ ట్యాంకులు, పంచాయతీ భవనాలు లేచాయి. మా రిజిస్టరు చివరి పేజీల్లో మేకలే ఎక్కువ.

దొడ్డి రైతు పంటను కాపాడటానికి పుట్టింది, పశువును కాపాడటానికి కాదు. రెండో సంగతి చట్టంలో గట్టిగా చేరడానికి 1960 దాకా పట్టింది. రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ పెట్టిన బిల్లు పుణ్యమా అని జంతుహింస నివారణ చట్టం వచ్చింది. మొదటిసారి హింసకు యాభై రూపాయల దాకా జరిమానా అన్నారు. ఆ అంకె వేసి అరవై ఏళ్లు దాటింది. ప్రతి జిల్లాలో జంతుహింస నివారణ సంఘం ఉండాలని, దానికి ఆసుపత్రి, షెల్టర్ కట్టుకోను ప్రభుత్వం స్థలమివ్వాలని 2001 నిబంధనలు చెప్పాయి. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి!

పాత దొడ్డికి ఉండి మా షెల్టర్‌కు లేనివి రెండున్నాయి. ఒకటి, తప్పు చేసినవాడి చేతే మేత ఖర్చు కట్టించే వీలు. ఒట్టిపోయిన ఆవును రాత్రిపూట లారీలో తెచ్చి బందరు రోడ్డు మీద దించిపోయేవాడి నుంచి ఎవరు వసూలు చేస్తారు? రెండోది, బయటికి వెళ్లే తేదీ. దొడ్డిలో ఏ పశువూ పదిహేను, ఇరవై రోజులకు మించి ఉండేది కాదు. మా దగ్గరికి వచ్చిన ఆవు చచ్చేదాకా ఉంటుంది. వేలం వేస్తే ఎటు పోతుందో అందరికీ తెలుసు కనుక వేయం. అందుకే ప్రణాళిక మొదటి పేజీలో ‘ఎన్నింటిని కాపాడతాం’ అన్న అంకె కొట్టేసి ‘ఎన్నింటికి మేత ఉంది’ అని రాశాను. కుర్రాళ్లకు నచ్చలేదు. 2019 ఆగస్టులో విజయవాడ పక్కనే కొత్తూరు తాడేపల్లి గోశాలలో ఒక్కసారిగా వంద దాకా ఆవులు చనిపోయినప్పుడు ఊరంతా కారణాల మీద కొట్టుకుంది. నాకు మాత్రం ఆ రోజు నుంచి పశువుల సంఖ్యను గొప్పగా చెప్పే బోర్డు చూస్తే భయం.

మేత లెక్క మా కమిటీకి ఇలా చెప్పాను. పెద్ద ఆవుకు రోజుకు ఎండుగడ్డి ఆరు కిలోలనుకుందాం. యాభై ఆవులకు ఏడాదికి నూటపది టన్నులు కావాలి. ఎకరం సార్వా వరికి రెండు టన్నుల గడ్డి వేసుకున్నా యాభై, యాభై ఐదు ఎకరాల గడ్డి. మిషన్ కోతలొచ్చాక గడ్డి చేలోనే పడి ఉంటోంది, కట్ట కట్టే కూలి గిట్టక కొందరు తగలబెట్టేస్తున్నారు. చవగ్గా, ఒక్కోసారి ఊరికే దొరికేది డిసెంబరు, జనవరిలోనే. కాబట్టి మా ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో కాదు, సార్వా కుప్పనూర్పిళ్లతో మొదలవ్వాలి. చందా అడిగే పండగ కనుమే. ఆ రోజు ఆవుకు పసుపు రాసి ఫొటో దిగడానికి వచ్చే పట్నం కుటుంబాలు కూపన్ కొంటే ఇన్ని మోపుల గడ్డి. కంకిపాడు, ఉయ్యూరు వైపు నుంచి రైతు ఒక ట్రక్కు గడ్డి తోలితే వాళ్లింటి పశువులన్నింటికీ మా డాక్టరు ఉచితంగా టీకాలు వేస్తాడు.

కార్తీకమాసం సంగతి వేరు. భక్తులు గంపలతో అన్నం, పొంగలి, అరటిపళ్లు తెస్తారు. ఆవు కడుపు గడ్డికి ఏర్పడింది. ఒక్కసారి అంత అన్నం పడితే లోపల పులిసిపోయి పొట్ట ఉబ్బి ప్రాణం మీదికొస్తుంది. పుణ్యానికి వచ్చినవాళ్లను వద్దనలేం. గేటు దగ్గరే గంప తీసుకుని, చేతికి జనుముగడ్డి కట్ట ఇచ్చి లోపలికి పంపుతున్నాం. పుణ్యం అంతే వస్తుందని పంతులుగారే చెబుతున్నారు.

వరదల పేజీ ఇంకా నడుస్తోంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన నాడు పలుపులు విప్పే వ్యవధి కూడా లేకపోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మేడల మీద చిక్కుకున్న కుక్కలకు కుర్రాళ్లు పడవల్లో తిండి చేర్చారు, గేదెలకు పడవ చాలలేదు. ఎత్తు రోడ్డు మీద నాలుగు వందల పశువులు నిలబడే చోటు ముందే అనుకుని, కార్పొరేషన్‌కు కాగితం పెట్టాం.

ఒక్క విషయంలో కమిటీ ఇంకా తెగ్గొట్టలేదు. జనవరి 14 నుంచి జంతు సంక్షేమ పక్షోత్సవాలు. సరిగ్గా అప్పుడే, సంక్రాంతి మూడు రోజులూ, డెల్టా అంతటా కోడిపందేల బరులు. పోలీసులు పట్టుకున్న పుంజుల్ని ఎక్కడ ఉంచాలో తెలియక మాకు ఫోన్ చేస్తారు. పందెంపుంజులు పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, దేని గంప దానికే ఉండాలి. కేసు తేలేదాకా అవి సాక్ష్యం కిందే లెక్క. వేలానికి పెడితే పాడుకునేది మళ్లీ పందెగాళ్లే. ముప్పై గంపలు కొనాలా, అసలు పుంజులు తీసుకోమని రాతపూర్వకంగా చెప్పేయాలా అన్నది డిసెంబరు మీటింగుకు వాయిదా పడింది. నా ఓటు గంపలకే.