మానసిక ప్రథమ చికిత్స: కృష్ణా డెల్టా

ప్రమాదమో విపత్తో జరిగిన తొలి గంటల్లో బాధితుల పక్కనే ఉండి ఆసరా ఇవ్వడాన్ని మానసిక ప్రథమ చికిత్స అంటారు. ఇందుకు డాక్టరే కానక్కర్లేదు, శిక్షణ పొందిన వాలంటీరు చాలు. అమెరికాలోని శాన్ డియాగో ప్రాంతంలో 1985లో మొదలైన ట్రామా ఇంటర్వెన్షన్ ప్రోగ్రామ్స్ సంస్థ, పోలీసులో ఫైరు సిబ్బందో పిలవగానే ఇలాంటివారిని ఘటనా స్థలానికే పంపుతుంది.

కృష్ణా డెల్టాకు ఈ అవసరం పాతదే. 1864 నవంబరులో బందరు (మచిలీపట్నం)ను ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో మృతులు అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. స్థానిక నాయకుడు మండలి వెంకట కృష్ణారావు సహాయ చర్యల్లో ముందు నిలిచారు. సైన్యం, స్వచ్ఛంద సంస్థలు శవాలు తీసి, అన్నం పెట్టి, ఇళ్లు కట్టాయి. గుర్తుపట్టే వీల్లేని శవాలను సామూహికంగా దహనం చేయడంతో చాలామందికి తమవాళ్ల కడసారి చూపు కూడా దక్కలేదు. ఆ దుఃఖాన్ని పట్టించుకునే విభాగం అప్పటికి మన దేశపు విపత్తు సహాయంలోనే లేదు. 1999 ఒడిశా తుపాను, 2004 సునామీ తర్వాత బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ స్థానిక కార్యకర్తలకు బాధితులకు మానసిక ఆసరా ఇచ్చే పని నేర్పింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లో ఇలాంటి సాయంపై మార్గదర్శకాలు ఇచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన కరదీపిక ఈ పనిని మూడు మాటల్లో చెబుతుంది: చూడు, విను, కలుపు. శిక్షణలో కష్టమైన భాగం మాత్రం నోరు అదుపులో పెట్టుకోవడమే. గిలకలదిండి రేవులో బోటు తిరిగిరాని ఇల్లాలితో "వచ్చేస్తాడులేమ్మా" అనకూడదు. అది మన చేతిలో లేని మాట. "వెతుకుతున్నారమ్మా, ఏ కబురొచ్చినా నేనే వచ్చి చెబుతా" అనాలి, అన్నట్టే రావాలి. నిలబడి కాక, ఆమె పక్కన కూర్చుని మాట్లాడాలి. మంచినీళ్లివ్వాలి, ఎవరికి ఫోను చేయాలో అడగాలి, కెమెరాలను దూరం పెట్టాలి. "ఏడవకు", "నువ్వైనా బతికావు, అదే పదివేలు" వంటి ఓదార్పులు గాయాన్ని రేపుతాయి. పిల్లలకు "నాన్న ఊరెళ్లాడు" అని అబద్ధం చెప్పకూడదు. జరిగిందంతా చెప్పమని ఎవరినీ గుచ్చి అడగకూడదు. అలా వెంటనే చెప్పించడం మేలు చేస్తుందని ఒకప్పుడు నమ్మేవారు, ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే వద్దంటోంది. ఇవన్నీ ఉపన్యాసంతో పట్టుబడవు. ఒకరు బాధితురాలిగా, ఒకరు వాలంటీరుగా నటిస్తూ పదేపదే సాధన చేయాలి.

రోడ్లు తెగితే బయటి బృందాలు దివిసీమకు ఆలస్యంగానే చేరతాయి. అందుకే ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, డ్వాక్రా మహిళలే ఈ శిక్షణకు తగినవారు. ఊళ్లో ఎవరికి ఎవరున్నారో వాళ్లకు తెలుసు. వారాలు గడిచినా నిద్రపట్టనివారిని, చచ్చిపోవాలనుందని అనేవారిని వాళ్లే వైద్యులకు అప్పగించాలి. చావు మాట విన్నాక ఒక్కరోజు కూడా ఆగకూడదు. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఫోను చేయవచ్చు. నేరుగా వైద్యులకు చూపించాలంటే మచిలీపట్నంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది.

వాలంటీర్లూ అదే ఊరివాళ్లు, వాళ్ల ఇళ్లూ మునిగి ఉంటాయి. అందువల్ల ఇద్దరేసి చొప్పున పంపడం, వంతులవారీగా విశ్రాంతినివ్వడం, సొంతవాళ్లను పోగొట్టుకున్నవారిని ఆ విడతకు పనికి పిలవకపోవడం శిక్షణ రోజునే తేల్చుకోవలసిన విషయాలు.