ఆలెచ్ మొక్కు: ఒక హిమానీనదం చరిత్ర

స్విట్జర్లాండ్ దక్షిణాన ఉన్న వాలే రాష్ట్రంలో, ఆల్ప్స్ పర్వతాలన్నిటిలోకీ పొడవైన ఆలెచ్ హిమానీనదానికి చేరువలో నివసించే ఫీష్, ఫీషర్‌టాల్ గ్రామాల ప్రజలు 1678లో ఒక మొక్కు మొక్కుకున్నారు. తాము ధర్మం తప్పక నడుచుకుంటామని, మంచు ముందుకు రాకుండా దైవం కాపాడాలని దాని సారాంశం. హిమానీనదం ఒక పక్కలోయకు అడ్డంగా నిలవడంతో ఏర్పడిన మేర్యెలెన్ సరస్సు, మంచు అడుగున దారి చేసుకుని ఉన్నట్టుండి ఖాళీ అయినప్పుడల్లా దిగువ పొలాలను, ఇళ్లను వరద ముంచెత్తేది గనుక ఆ భయం ఊరకే పుట్టింది కాదు. 1862లో ఈ మొక్కుకు ఏటేటా జరిపే ఊరేగింపు కూడా తోడైంది.

అయితే, 'చిన్న మంచుయుగం' అని చరిత్రకారులు పిలిచే చలి ఎక్కువగా ఉన్న శతాబ్దాలు ముగింపుకు వచ్చి, సుమారు 1860 నాటికే ఆలెచ్ తన తుది హద్దును తాకింది. అంటే ఊరేగింపు మొదలైన కాలానికే మంచు వెనుదిరగసాగింది. ఎగువన కురిసిన హిమం కరగకుండా పొరలుగా పేరుకుని, తన బరువుకు తానే అణగి గడ్డకట్టే భాగాన్ని సంచయ మండలమని, కురిసేదానికన్నా కరిగేది ఎక్కువగా ఉండే దిగువ భాగాన్ని క్షయ మండలమని, రెండింటి నడుమ జమాఖర్చులు సరిపోయే హద్దును సమతుల్య రేఖ అని అంటారు. వాతావరణం వేడెక్కితే ఆ రేఖ పైకి జరిగి, జమ తగ్గి ఖర్చు పెరుగుతుంది. హిమానీనదం వెనక్కి తగ్గడమంటే మంచు వెనక్కి నడవడం కాదు. అది ఎప్పటిలాగే కిందికి జారుతూనే ఉన్నా, పైనుంచి వచ్చి చేరేదానికన్నా వేగంగా కొస కరిగిపోవడం.

ఆ కొస ఇప్పటికి మూడు కిలోమీటర్లకు పైగా వెనక్కి పోగా, మందం తగ్గిన తీరు కొంకార్డియా విడిది దగ్గర కంటికి కనిపిస్తుంది. 1877లో మంచుకు సుమారు 50 మీటర్ల ఎత్తున కట్టిన ఆ విడిదిని చేరాలంటే, నేడు నిట్టనిలువు బండకు బిగించిన లోహపు మెట్లు నాలుగు వందలకు పైగా ఎక్కవలసి వస్తుంది.

కరిగిన మంచునీటిని కాలువలతో పొలాలకు మళ్లించుకుని బతికిన ఆ వానలేమి ప్రాంతానికి ఇప్పుడు మంచు లేకపోవడమే భయమైంది. గ్రామస్థుల వినతిని మన్నించి 2010లో వాటికన్ మొక్కును మార్చడానికి అనుమతించడంతో, మంచు పెరగకూడదని వేడుకున్నవారే తరగకూడదని ప్రార్థించసాగారు. మొక్కును ఒక్క ఉత్తర్వుతో మార్చగలిగారు గాని, కొన్నిచోట్ల వందల మీటర్ల మందమున్న ఇంతటి హిమానీనదం వాతావరణంలోని మార్పుకు తన పొడవును సరిచేసుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. కనుక వేడిమి నేటితో ఆగిపోయినా, ఇప్పటికే పెరిగిన వేడిమికి ఆలెచ్ కొస మరెన్నో ఏళ్లు వెనక్కి తగ్గుతూనే ఉంటుంది.