కాపాడటానికి వచ్చిన సైన్యం

శ్రీలంకకు వెళ్లిన భారత శాంతి పరిరక్షక దళం గురించి మన దగ్గర రెండు కథలే వినిపిస్తాయి. ఒకటి దౌత్య వైఫల్యం, రెండోది జవాన్ల త్యాగం. దాదాపు 1,200 మంది సైనికులు అక్కడ చనిపోయారు. ఆ దుఃఖం చిన్నది కాదు. కానీ ఏ ప్రజల పేరు చెప్పి వెళ్లారో ఆ ప్రజలు, ముఖ్యంగా ఆ స్త్రీలు, ఈ రెండు కథల్లోనూ కనబడరు.

1983 జూలైలో తమిళులపై జరిగిన మారణకాండ తర్వాత వేలాదిమంది మన తీరానికి శరణార్థులుగా వచ్చారు. వాళ్లకు ఆశ్రయమిచ్చిన ప్రభుత్వమే రహస్యంగా తమిళ సాయుధ బృందాలకు శిక్షణా ఇచ్చింది. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందంపై సంతకాలు చేశారు. ఆయుధాలు అప్పగించాల్సిన బృందాల సంతకం అందులో లేదు. జాఫ్నా ప్రజలు మన సైనికులకు పూలదండలు వేశారు. అక్టోబరు వచ్చేసరికి ఆ సైన్యమే ఎల్‌టీటీఈతో యుద్ధానికి దిగింది. దీపావళినాడు జాఫ్నా ఆసుపత్రిలోకి చొరబడిన సైనికుల కాల్పుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు చనిపోయారు.

ఈ చరిత్రను కింది నుంచి చూడటం నాకు నేర్పింది రజని తిరణగమ. జాఫ్నా విశ్వవిద్యాలయంలో అనాటమీ అధ్యాపకురాలు, ఇద్దరు కూతుళ్ల తల్లి. ముగ్గురు సహచరులతో కలిసి ఆమె రాసిన 'ది బ్రోకెన్ పామైరా'లో స్త్రీల అనుభవాలకు ప్రత్యేకంగా చోటుంది. సైనికుల అత్యాచారానికి గురైన స్త్రీకి ఇంటా బయటా మౌనమే మిగిలింది. పరువు పేరుతో కుటుంబం నోరు మూయించింది. ఆమె ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి? ఆ సైన్యం కొలంబో మాట వినదు. ఢిల్లీ ప్రభుత్వాన్ని ఎన్నుకునే ఓటు ఆమెకు లేదు. పులుల దగ్గరకు వెళ్తే ఆమె గాయం వాళ్ల ప్రచారానికి సరుకవుతుంది.

నా దృష్టిలో పరాయి సైనిక జోక్యంలోని అసలు ప్రమాదం ఇదే. ఉద్దేశం మంచిదే అనుకుందాం. అయినా ఆ తుపాకీ ఎవరిని రక్షించాలో వాళ్లకు జవాబుదారీ కాదు. తనకు నచ్చిన స్థానిక పక్షాన్ని వెతుక్కుని దాన్ని ఆయుధాలతో నిలబెడుతుంది. 1989లో భారత్ అండ ఉన్న బృందాలు కుర్రాళ్లను బలవంతంగా సైన్యంలోకి లాక్కెళ్లాయి. అదే కాలంలో మన దళాన్ని పంపించెయ్యాలనుకున్న ప్రేమదాస ప్రభుత్వం పులులకు ఆయుధాలిచ్చింది. దక్షిణాన మన దళం ఉనికే జేవీపీ తిరుగుబాటుకు ఊపునిచ్చింది. దాని అణచివేతలో వేలాది సింహళ తల్లులు బిడ్డల్ని పోగొట్టుకున్నారు.

1990 మార్చిలో మన దళం వెనక్కి వచ్చేసింది. మూడు నెలలకే యుద్ధం మళ్లీ మొదలై 2009 దాకా సాగింది. అన్ని తుపాకుల్నీ ప్రశ్నించిన రజని ఆ రోజులు చూడలేదు. 1989 సెప్టెంబరు 21న సైకిలు మీద ఇంటికెళ్తుంటే ఆమెను కాల్చి చంపారు. అది ఎల్‌టీటీఈ పనేనని ఆమె సహచరులు చెప్పారు.

పొరుగున ఊచకోత జరుగుతుంటే చేతులు కట్టుకు కూచోమని నేననడం లేదు. ఆశ్రయం ఇవ్వాలి, సాయం పంపాలి, దౌత్యపరంగా ఒత్తిడి తేవాలి. సైన్యాన్ని పంపుదామనే మాట వచ్చినప్పుడు మాత్రం మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అక్కడ ఒక స్త్రీకి మన సైనికుడి వల్ల అన్యాయం జరిగితే, ఆమె ఏ తలుపు తట్టాలి?