పల్లె ఛాయాచిత్రం – చరిత్ర ఆధారం: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నేపథ్యంలో ఔత్సాహిక ఛాయాచిత్రణ పరిశీలన

వ్యాససంగ్రహం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల కోటలను, ఆలయాలను గురించి శాసనాలు, గెజిటీర్లు, పురావస్తు నివేదికలు సమృద్ధిగా ఉన్నాయి. ఆ కట్టడాల చుట్టూ ఉన్న పల్లెల రూపాన్ని గురించి అంతటి లిఖితాధారం లేదు. వృత్తిరీత్యా కాక ఇష్టంతో కెమెరా పట్టినవారి చిత్రాలు ఈ లోటును కొంతవరకు పూరించగలవు. అయితే వాటిని యథాతథంగా సత్యమని స్వీకరించడానికి వీలులేదు. ఈ చిత్రాలను ఎలా చదవాలి, అవి ఆధారాలుగా నిలవాలంటే ఏ వివరాలు అవసరం అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఔత్సాహిక ఛాయాచిత్రణ, రాయలసీమ, పెనుకొండ, గ్రామీణ దృశ్యం, దృశ్యాధారం, స్థానిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

1565 నాటి తళ్లికోట యుద్ధానంతరం విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. లేపాక్షి వీరభద్రాలయం అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ సోదరుల ఆధ్వర్యంలో రూపుదిద్దుకొంది. ధర్మవరం పట్టుచీరలకు పేరుపొందింది. ఈ మూడు విషయాలూ ప్రతి స్థానిక చరిత్ర గ్రంథంలో కనిపిస్తాయి. కానీ పెనుకొండ కోట కింద పొలాల్లో నీరు ఎలా తోడేవారు, లేపాక్షి పరిసరాల ఇళ్లకు పైకప్పు ఏమిటి, ధర్మవరం నేతకారుని ఇంట్లో మగ్గం ఏ మూల ఉండేది అన్న ప్రశ్నలకు సమాధానం వెతకాలంటే గ్రంథాలు చాలవు. ఇటువంటి చోట ఛాయాచిత్రం చరిత్రకారునికి అవసరమవుతుంది.

2. కట్టడాన్ని చూసిన తొలి కెమెరా

1839లో ఐరోపాలో వెల్లడైన ఛాయాచిత్రణ రెండు దశాబ్దాలలోపే మద్రాసు ప్రెసిడెన్సీలో వేళ్లూనింది. 1856లో మద్రాసు ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. మద్రాసు చిత్రకళా పాఠశాల స్థాపకుడు అలెగ్జాండర్ హంటర్ దానికి ముఖ్య ప్రేరకుడు. ఇక్కడి తొలి ఛాయాచిత్రకారులలో పలువురు సైనికాధికారులే. ఉద్యోగం వేరు, కెమెరా వ్యాపకం వేరు. ఆ అర్థంలో ఈ ప్రాంత ఛాయాచిత్ర చరిత్ర ఔత్సాహికులతోనే మొదలైందని చెప్పవచ్చు.

వారిలో అలెగ్జాండర్ గ్రీన్‌లా ముఖ్యుడు. ఆయన 1856 ప్రాంతంలో హంపి శిథిలాలను పెద్ద కాగితపు నెగటివ్‌లపై సుమారు 60 చిత్రాలుగా నమోదు చేశాడు. హంపి అప్పుడు బళ్లారి జిల్లాలోనిది. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేవరకు పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు కూడా ఆ జిల్లాలోనివే. 1868 ప్రాంతంలో ఎడ్మండ్ లయన్ ప్రభుత్వం కోరిక మేరకు దక్షిణ భారత ఆలయాలను చిత్రిస్తూ తాడిపత్రి గోపురాలను కూడా తీశాడు.

ఈ చిత్రాల్లో ఊరు దాదాపు లేదు. దీనికి సాంకేతిక కారణం ఒకటి ఉంది. కాగితపు నెగటివ్‌కు నిమిషాల తరబడి వెలుగు పడాలి. అంతసేపు కదలకుండా ఉండేది రాయి మాత్రమే. నడిచే మనిషి, మేసే పశువు ఫలకంపై చెరిగిపోతాయి. కనిపించిన మనిషి కూడా స్తంభం ఎత్తు తెలియడానికి నిలబెట్టినవాడే. సాంకేతికత మారిన తరువాత కూడా ఈ చూపు చాలాకాలం మారలేదు. లేపాక్షి అనగానే నేటికీ 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు గల ఏకశిలా నంది చిత్రమే ముందుకు వస్తుంది. ఆ నందికి ఎదురుగా ఉన్న ఊరు చట్రం బయటే ఉండిపోతుంది.

3. నమూనాగా, అందంగా మారిన పల్లె మనిషి

మనిషి చట్రంలోకి వచ్చినప్పుడు మొదట నమూనాగా వచ్చాడు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సహకారంతో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలోని చిత్రాలు ఇందుకు ఉదాహరణ. అక్కడ వ్యక్తికి పేరు లేదు, కులానికే పేరు.

20వ శతాబ్దం మధ్య నాటికి పల్లె మనిషి అందమైన దృశ్యంలో భాగమయ్యాడు. 1953లో భారత ఛాయాచిత్రణ సమాఖ్య ఏర్పడింది. క్లబ్బులు, పోటీ ప్రదర్శనలు పెరిగాయి. ధూళి రేపుతూ ఇంటికి మళ్లే మంద, వెలుగురేఖల్లో బండి, ముడతలు పడిన ముఖం వీటికి ఇష్టమైన వస్తువులయ్యాయి. ఈ చిత్రాలకు కళా విలువ ఉంది. కానీ శీర్షికలో ఊరిపేరుకు బదులు 'సాయంసంధ్య', 'శ్రమ' వంటి భావవాచకాలు చేరినప్పుడు, చిత్రం ఏ జిల్లాదో చెప్పలేని స్థితి ఏర్పడింది. నమూనా చిత్రం మనిషి పేరును తీసివేస్తే, ప్రదర్శన చిత్రం ఊరి పేరును కూడా తీసివేసింది.

4. అందుబాటులోకి వచ్చిన కెమెరా

1888లో కొడాక్, 1900లో ఒక డాలరు ధరకు బ్రౌనీ కెమెరా ఛాయాచిత్రణను సామాన్యునికి దగ్గర చేశాయి. భారతదేశంలో ఆ పాత్రను బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ పోషించింది. ఒక రోలుకు పన్నెండు చదరపు చిత్రాలు మాత్రమే వచ్చేవి. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 నుంచి ఉత్పత్తి ప్రారంభించడంతో 'ఇందు' పేరుతో దేశీయ నలుపు తెలుపు ఫిల్మ్ కూడా దొరికింది.

పన్నెండే చిత్రాలు అన్న పరిమితి ఆ కాలపు చిత్రాల స్వభావాన్ని నిర్ణయించింది. పెళ్లి, జాతర, పసిబిడ్డ, పాఠశాల బృందం ముందువరుసలో నిలిచాయి. పొలం కోసం, చెరువు కోసం ఎవరూ ఫిల్మ్ ఖర్చుచేయలేదు. అయినా ఇంటి ముందు తీసిన కుటుంబ చిత్రంలో వెనుక దంతెలపై మట్టి పరచిన మిద్దె ఉంటుంది. పక్కన గడ్డివామి, రాతి కూసాలకు కట్టిన ఎద్దులు ఉంటాయి. తీసినవారు ఉద్దేశించని ఈ నేపథ్యమే నేటి పరిశోధకునికి ప్రధాన విషయం. గ్రామీణ దృశ్య చరిత్రను నిర్మించాలనుకునేవారు ప్రదర్శన చిత్రాలకంటే ముందు కుటుంబాల ఆల్బమ్‌లను చూడవలసి ఉంటుంది.

5. చిత్రాన్ని చదవడం: మూడు ఉదాహరణలు

మొదటిది కపిల. ఎద్దులు వాలుదారిలో దిగుతూ బావి నుంచి బానతో నీరు తోడే ఈ పద్ధతిని విద్యుత్ మోటార్లు తొలగించాయి. కపిల ఉన్న చిత్రం ఒక పనిముట్టుకు మాత్రమే సాక్ష్యం కాదు. నీరు ఎంత లోతున ఉండేదో, తోలేవాని శ్రమ ఏమిటో, ఏ పశువులను వాడేవారో కూడా అది చెబుతుంది. గొట్టపుబావులు వందల అడుగులకు దిగిన నేటి స్థితితో పోల్చినప్పుడు దాని విలువ స్పష్టమవుతుంది.

రెండవది గుంతమగ్గం. ధర్మవరం నేతను చిత్రించేవారు ఎక్కువగా చీర అంచు మీద, రంగుల మీద దృష్టి నిలుపుతారు. కొంచెం వెనక్కి జరిగి తీసిన చిత్రంలో మగ్గం గుంత, వెలుగు వచ్చే కిటికీ, పక్కనే వంటపాత్రలు కనిపిస్తాయి. నివాసం, పనిచోటు ఒకటే అన్న ఆర్థిక చరిత్ర ఆ ఒక్క గదిలో నమోదవుతుంది. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల ఇళ్ల చిత్రాలకు కూడా ఈ పరిశీలన వర్తిస్తుంది.

మూడవది ఎర్రమంచి. పెనుకొండ సమీపంలోని ఈ గ్రామ పరిధిలో కార్ల కర్మాగారం నిర్మాణానికి కియా సంస్థ 2017లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొంది. 2019లో ఉత్పత్తి మొదలైంది. సుమారు 536 ఎకరాల భూమి రూపం మూడేళ్లలోపే మారిపోయింది. రహదారి మీద ప్రయాణిస్తూ ఎవరో యాదృచ్ఛికంగా తీసిన 2017కు ముందరి మెట్టపొలం చిత్రం కూడా ఇప్పుడు చారిత్రక పత్రమే. ఆ మార్పు మేలా కీడా అన్నది వేరే చర్చ. మారకముందు ఏమి ఉండేదో తెలియకుండా ఆ చర్చ సాగదు.

6. ఎంపికలోని పక్షపాతం

ఔత్సాహిక చిత్రాన్ని ఆధారంగా తీసుకునేటప్పుడు దాని పరిమితిని గుర్తించాలి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వరుస కరువులు ఇక్కడి సాధారణ అనుభవం. కానీ బుక్కపట్నం, ధర్మవరం చెరువులు నిండి మరువ పారినప్పుడే జనం కెమెరాలతో కట్టమీదికి చేరుతారు. ఎండిన చెరువును చూడడానికి ఎవరూ బయలుదేరరు. ఫలితంగా చిత్రాల సంచయంలో కనిపించే నీరు నేల మీద ఉన్న నీటికంటే ఎక్కువ. చిత్రాల సంఖ్యను బట్టి నీటి స్థితిని ఊహిస్తే పరిశోధకుడు పొరబడతాడు.

ఇదే రీతిలో రచ్చకట్ట తరచుగా కనిపిస్తుంది, ఊరి చివరి వాడ అరుదుగా కనిపిస్తుంది. జాతరలో స్త్రీ కనిపిస్తుంది, కలుపు తీస్తున్న స్త్రీ తక్కువగా కనిపిస్తుంది. పాత్రికేయుడు పి. సాయినాథ్ 1993 నుంచి 2002 వరకు పది రాష్ట్రాల్లో తీసిన చిత్రాలతో రూపొందించిన 'విజిబుల్ వర్క్, ఇన్విజిబుల్ విమెన్' ప్రదర్శన ఈ లోటును సూటిగా చూపింది. ఆయన వృత్తి ఛాయాచిత్రకారుడు కాదు. ఎవరి పనిని చూడాలో ముందుగా నిర్ణయించుకోవడమే ఆ చిత్రాల బలం. తెలంగాణ పల్లె జీవనాన్ని దశాబ్దాలపాటు చిత్రించిన గుడిమళ్ల భరత్ భూషణ్ కృషి కూడా ఒక ప్రాంతంపై నిలకడగా చూపు నిలిపితే ఎంతటి సంచయం ఏర్పడుతుందో తెలియజేస్తుంది.

7. వివరం లేని చిత్రం

నేడు కెమెరా ప్రతి చేతిలో ఉంది. డిజిటల్ చిత్రంలో తేదీ, సమయం తమంతట తామే నమోదవుతాయి. అనుమతిస్తే స్థలం కూడా చేరుతుంది. అయితే వాట్సాప్‌లో ఫోటోగా పంపినప్పుడు ఈ సమాచారం తొలగిపోతుంది. పాత ఆల్బమ్‌లో చిత్రం వెనుక కలంతో రాసిన ఊరిపేరు ఎంత ముఖ్యమో, ఈ దాగిన సమాచారం అంతే ముఖ్యం. 2004లో మొదలైన వికీమీడియా కామన్స్ వంటి వేదికలు వివరణను, లైసెన్సును అడగడం వల్ల అక్కడ చేరిన చిత్రం పరిశోధనకు ఎక్కువగా ఉపయోగపడుతుంది.

గ్రీన్‌లా నిలిచిన స్థానాలను గుర్తించి ఆస్ట్రేలియా ఛాయాచిత్రకారుడు జాన్ గోలింగ్స్ 1983లో హంపిని మళ్లీ చిత్రించగలిగాడు. పాత చిత్రం ఎక్కడి నుంచి తీశారో తెలియడం వల్లనే 127 ఏళ్ల మార్పును కొలవడం సాధ్యమైంది. కట్టడాలకు జరిగిన ఈ పనిని పల్లెలకు కూడా విస్తరించవచ్చు. కళాశాల విద్యార్థులు తమ ఇళ్లలోని పాత చిత్రాలను పెద్దల చేత గుర్తింపజేసి, అదే చోట నిలిచి మళ్లీ తీయడం తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేపట్టదగిన పని. చిత్రంలోని వ్యక్తుల అనుమతి, వారి గౌరవం ఈ పనిలో తప్పనిసరి నియమాలు కావాలి.

8. ముగింపు

ఈ ప్రాంతపు కోటకు, గుడికి ప్రభుత్వ రక్షణ, లిఖిత చరిత్ర ఉన్నాయి. లేపాక్షి ఆలయం 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. మట్టిమిద్దెకు, కపిలకు, మెట్టపొలానికి అటువంటి జాబితా లేదు. వాటి రూపం మిగిలింది ఔత్సాహికుల చిత్రాల్లో, ఆ చిత్రాలను గుర్తుపట్టగల పెద్దల జ్ఞాపకాల్లో. చిత్రం ఆల్బమ్‌లో ఇంకొంతకాలం ఉంటుంది. అందులోని బావి ఎవరిదో, ఆ ఎద్దుల పక్కన నిలిచినదెవరో చెప్పగల తరం మాత్రం తరిగిపోతోంది. అందువల్ల చిత్రాల సేకరణకంటే ముందు వాటి వివరాల సేకరణ జరగాలి.