దేశదిమ్మరులు

అనంతపుర మండలమున చరిత్ర చదువు విద్యార్థి, ఇల్లు లేనివాడనగానే సోమరినో దొంగనో తలచుకొనుట వింత గాదు. ఇంట విన్నమాట యదియే. ఎరుకలసాని వాకిట సోది చెప్పినంతసేపు చేటతో బియ్యము పోసి శ్రద్ధగా విందురు. ఆమె వీథి మలుపు తిరుగగానే పెరటిలోని చెంబులు లెక్కపెట్టుకొందురు. అయితే ఆ విద్యార్థి పాత కాగితములను వరుసగా చదివినచో నీ తలంపు నిలువదు.

ఈ సీమలో ఏటి సగటు వాన 22 అంగుళముల ప్రాంతము. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామమున దత్తమండలములు మిక్కిలి నలిగినవి. అనంతపుర మప్పుడు బళ్లారి జిల్లాలోనిది. 1882లో వేఱు జిల్లా యైనది. చెఱువులెండి, పశువులు చచ్చి, సేద్యగాండ్రు సైతము బాట పట్టిరి. నిన్నటి గృహస్థుడు నేడు దిమ్మరి యయ్యెను. కరువుపనులలో మగవాని దినకూలిని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ ఒక పౌను ధాన్యమునకును ఒక అణాకును దించెను. అది ప్రాణము నిలుపజాలదని మదరాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను.

ఇక ఎరుకలవారి సంగతి. ఈ సీమలో కొరచలనియు పిలుచు వీరు తీరమునుండి ఉప్పు పెరికెల నింపి, యెద్దులపైనను గాడిదలపైనను మెట్టసీమకు తెచ్చి ధాన్యమునకు మార్చుచుండిరి. తిరుగుటయే వారి వర్తకము. 1871 నాటికి మదరాసు రైలుమార్గము గుత్తి మీదుగా రాయచూరు చేరెను, ఉప్పు రైలెక్కెను. బ్రదుకుతెరువు పోయెను గాని తిరుగుడు పోలేదు. ఆ తిరుగుడే నేరముగా కనబడసాగెను. అదే 1871లో ఉత్తరదేశమున పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో సవరింపబడి మదరాసు రాజధానికిని వచ్చెను. నేరము ఋజువు గానక్కఱలేదు. పట్టికకెక్కిన కులమున పుట్టుట చాలును. వ్రేలిముద్ర లిచ్చి వేళకు హాజరు పలుకవలెను, సెలవు లేక ఊరు దాటరాదు. బాపట్ల చెంత స్టూవర్టుపురమున సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఎరుకలకు సెటిల్మెంటు ఏర్పడెను. ఇల్లు దొరకెను, దానితో కాపలాయు దొరకెను! ఇల్లు లేమి దుఃఖమా, ఇల్లు కదలరామి దుఃఖమా యని విద్యార్థి యిచ్చట తికమకపడును.

ఆ చట్టము మదరాసున 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31నను రద్దయ్యెను. కాని మదరాసున 1948లోనే అలవాటు నేరస్థులపై వేఱొక చట్టము వచ్చెను. పేరు మారినను పోలీసువాని చూపు మారుట కాలము పట్టు పని.

ఇప్పటికిని వాన తప్పిన యేడు కదిరి ప్రాంతపు కుటుంబములు బెంగుళూరికిని కేరళకును పోవుచున్నవి. మేడలు కట్టుచోట ప్లాస్టికు పట్టా క్రింద వండుకొను వారిని చూచి పట్టణవాసి యిల్లు లేని జనమనుకొనును. ఊరిలో వారి యింటికి తాళము వేసి యున్నది. ముసలివారు అరుగుమీద నున్నారు. వేరుసెనగ చేను విత్తక బీడుపడి యున్నది.