మెక్సికో పంటలు, మెక్సికో లేని పేర్లు: ఇంగ్లీషు, తుర్కీ, తెలుగు వాడుకల పరిశీలన

రాయచూరు జిల్లా దేవదుర్గ తాలూకాలోని జాలహళ్ళి కృష్ణా, తుంగభద్రల నడుమ దోఆబులో ఉంది. బెంగుళూరులో విమానదళం, కర్మాగారాలు ఉన్న జాలహళ్ళి వేరు, ఇది వేరు. 1956 దాకా ఈ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. కన్నడం ఇంటి భాష, తెలుగు పొరుగు భాష, దక్కనీ ఉర్దూ సంత భాష అయిన సీమ ఇది. ఇక్కడ పత్తి పండుతుంది, మిరప పండుతుంది, మొక్కజొన్న కనిపిస్తుంది. పండగొస్తే గుమ్మాలకు బంతిపూల దండలు వేలాడతాయి. బాటల పక్కన సీమచింత చెట్లు, బీడుల్లో నాగజెముడు, బ్రహ్మదండి. వీటిలో చాలావాటి పుట్టిల్లు మెక్సికో, దాన్ని ఆనుకున్న అమెరికా ఖండపు ఉష్ణసీమ. అయినా ఈ మూడు భాషల్లోనూ ఏ ఒక్కదాని వాడుక పేరులోనూ మెక్సికో వినిపించదు.

ఎందుకు వినిపించదన్నదే ఈ వ్యాసం పట్టుకున్న ప్రశ్న. జవాబు కోసం ముందు ‘మెక్సికన్’ అనే మాట ఇంగ్లీషులో ఎలా నడుస్తోందో, తుర్కీ భాషలో ఎలా నడుస్తోందో చూడాలి. తుర్కీనే ఎంచుకోవడానికి కారణం ఉంది. దాని వ్యాకరణం ఈ విషయంలో తెలుగుకు ఆశ్చర్యకరంగా దగ్గర. పైగా మెక్సికో పంటలకు పేర్లు పెట్టడంలో తుర్కులూ మనవాళ్ళూ దాదాపు ఒకే పద్ధతి పాటించారు.

ఇంగ్లీషులో మనిషికీ వస్తువుకూ ఒకటే మాట. మెక్సికో పౌరుడూ మెక్సికనే, అక్కడి వంటా మెక్సికనే. తుర్కీ అలా ఊరుకోదు. మనిషైతే ‘మెక్సికలి’. దేశం పేరు ‘మెక్సికా’కు ‘-లి’ ప్రత్యయం చేరింది. అంకారా మనిషి ‘అంకారలి’, ఇస్తాంబుల్ మనిషి ‘ఇస్తాంబుల్లు’. అచ్చును బట్టి ప్రత్యయం రూపు మార్చుకుంటుంది, మనం ‘పులికి’, ‘చెట్టుకు’ అన్నట్టే. ఈ ప్రత్యయానికి ‘కలిగిన’ అనే అర్థమూ ఉంది. తుర్కీలో ‘తుజ్’ అంటే ఉప్పు, ‘తుజ్లు’ అంటే ఉప్పు వేసినది. వస్తువు దగ్గరికి వచ్చేసరికి ప్రత్యయం పోతుంది. దేశం పేరు ఉన్నదున్నట్టు ముందు నిలబడుతుంది, ‘దాని’ అనే సంబంధం వెనక మాటకు తోకగా అతుక్కుంటుంది. రాజ్మా గింజలు ‘మెక్సికా ఫసుల్యెసి’. మైదానంలో ప్రేక్షకులు వరసగా లేచి కూర్చునే సంబరం ‘మెక్సికా దల్గసి’.

తెలుగు చేసేదీ ఇదే. మిర్చికైతే గుంటూరు అన్న ఊరిపేరు చాలు, ‘గుంటూరు మిర్చి’ అంటాం. మనుషులకు ఆ పేరొక్కటే చాలదు, ‘గుంటూరువాళ్ళు’ అనాలి. రాయచూరు పత్తి, రాయచూరువాళ్ళు. కన్నడంలోనూ మనిషికి ‘రాయచూరినవరు’ అని ప్రత్యయం పడుతుంది. కాబట్టి మన పత్రికల్లో ‘మెక్సికన్ ఆటగాడు’, ‘మెక్సికన్ వంటకం’ అని కనిపించినప్పుడు అది ఇంగ్లీషు వ్యాకరణాన్ని మూటగట్టి తెచ్చుకోవడమే. ‘మెక్సికో ఆటగాడు’, ‘మెక్సికో వంట’, ‘మెక్సికోవాళ్ళు’ అంటే తెలుగు నాలుకకు హాయిగా ఉంటుంది, అర్థానికి లోటూ రాదు.

ఒకే మాట మనిషికీ వస్తువుకూ పనిచేస్తే వచ్చే చిక్కు వ్యాకరణంతో ఆగదు. 1848లో గ్వాదలూపె ఇదాల్గో ఒడంబడికతో మెక్సికో భూభాగంలో పెద్ద వంతు అమెరికా సంయుక్త రాష్ట్రాలకు పోయింది. అక్కడే ఉండిపోయిన జనం అమెరికా పౌరులయ్యారు, అయినా ఇంగ్లీషు నోట మెక్సికన్లుగానే మిగిలారు. పౌరసత్వం తెలిపే మాట క్రమంగా జాతిని తెలిపే మాటైంది. 1930 అమెరికా జనగణనలో ‘మెక్సికన్’ను ఏకంగా ఒక జాతి కింద చేర్చారు. తీవ్రమైన నిరసన రావడంతో 1940 గణనలో తీసేశారు. కాలిఫోర్నియాలో ఇదే కాలంలో ఇంకో వాడుక పుట్టింది. ఇంపీరియల్ లోయలో పంజాబీ రైతులు మెక్సికో స్త్రీలను పెళ్ళాడారు. వాళ్ళ పిల్లలను ‘మెక్సికన్ హిందువులు’ అన్నారు. ఆ తండ్రుల్లో ఎక్కువమంది సిక్కులు. ఒక పేరులో రెండు మాటలుంటే రెండూ జారిపోయాయి. ఆస్ట్రేలియాలోనైతే ఈ మాటకు మెక్సికోతో సంబంధమే లేని అర్థం ఉంది. న్యూ సౌత్ వేల్స్ వాళ్ళు తమకు దక్షిణాన, సరిహద్దు అవతల ఉండే విక్టోరియా వాళ్ళను మెక్సికన్లు అని ఆటపట్టిస్తారు.

అసలు మాట నవాత్ల్ భాషది. అజ్టెక్కులు తమను తాము ‘మెషికా’ అనుకునేవారు, వాళ్ళ రాజధాని మెషికో-తెనోచ్తిత్లాన్. ఎర్నాన్ కోర్తెస్ ఆ తీరాన దిగింది 1519లో, నగరం కూలింది 1521లో. ఆ రెండు ఏళ్ళ మధ్య, 1520లో, ఇక్కడి దోఆబులో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్ షాను ఓడించి రాయచూరు కోట పట్టుకున్నాడు. తెనోచ్తిత్లాన్ కూలిన తరువాత 300 ఏళ్ళు ఆ దేశం పేరు ‘కొత్త స్పెయిన్’. 1821లో స్వాతంత్ర్యం వచ్చాకే మెక్సికో దేశం పేరైంది. మిరప, మొక్కజొన్న, సీమచింత సముద్రాలు దాటింది దాదాపు ఈ కాలంలోనే. వాటిని మోసుకొచ్చిన నావికుల నోట మెక్సికో ఉన్నా అది ఒక నగరం పేరే.

ఇక మిరప సంగతి. తెలుగు దాన్ని మిరియాల కుటుంబంలో కలిపి ‘మిరపకాయ’ అంది. కన్నడం ‘మెణసు’ అనే మిరియం నుంచే ‘మెణసినకాయి’ అంది. దక్కనీలోని ‘మిర్చి’ వెనకా సంస్కృత మరీచమే, అంటే మిరియమే. తుర్కీలో మిరియానికీ మిరపకూ ఒకటే మాట ‘బిబెర్’. ఎర్రదైతే ‘కిర్మిజి బిబెర్’. నాలుగు భాషలూ ఒకరినొకరు అడక్కుండానే ఒకే దారి పట్టాయి. నాలుక మీద మండేది ఏదైనా మిరియం చుట్టమే అనుకున్నాయి. ఇంగ్లీషు కూడా దాన్ని మిరియం పేరుతో పిలుస్తుంది, కానీ పక్కనే నవాత్ల్ నుంచి స్పానిష్ మీదుగా వచ్చిన ‘చిల్లీ’నీ ఉంచుకుంది. నవాత్ల్ మాటలు తెలుగులో లేవని కాదు. టమాటా ఆ భాషదే, సపోటా ఆ భాషదే, చాక్లెట్టుదీ ఆ తోవే. మిరపను మాత్రం మనం మన మాటతోనే అక్కున చేర్చుకున్నాం. అందుకే అది వచ్చిన పంటన్న ఊహే మనకు రాదు.

మొక్కజొన్న కథ ఇంకా ఆసక్తికరం. మెక్సికో నైరుతి దిక్కున బాల్సాస్ నది లోయలో దాదాపు 9,000 ఏళ్ళ కిందట తియోసింతె అనే గడ్డిని జనం మచ్చిక చేసి మొక్కజొన్నగా మార్చారు. రాయచూరు సీమ తరతరాలుగా జొన్నరొట్టె తిన్న సీమ. కొత్తగా వచ్చిన ఎత్తైన ధాన్యం మొక్కను చూడగానే జొన్నతోనే పోల్చుకుంది. తెలుగులో మొక్కజొన్న, తెలంగాణలో మక్కజొన్న. కన్నడంలో మెక్కెజోళ, ముసుకినజోళ, గోవినజోళ. ముసుకినజోళ అంటే ముసుగు వేసుకున్న జొన్న. కండెను చుట్టిన పొరలను చూసి పెట్టిన ఆ పేరంత అందమైన పేరు ఈ ధాన్యానికి మరో భాషలో దొరకడం కష్టం. తుర్కీలో మొక్కజొన్న ‘మిసిర్’. ఆ మాటకు ఈజిప్టు అని అర్థం. మొదట అది ‘మిసిర్ దరిసి’, అంటే ఈజిప్టు చిరుధాన్యం. వాడుకలో చిరుధాన్యం రాలిపోయి ఈజిప్టు మిగిలింది. తమకు తెలిసిన తిండిగింజ పేరు తీసుకుని ముందు ఒక విశేషణం తగిలించడం తుర్కులూ చేశారు, కన్నడిగులూ చేశారు. మరోవైపు ఇటలీవాళ్ళు అదే ధాన్యాన్ని తుర్కీ ధాన్యం అన్నారు. ఎవరికి ఎవరి ద్వారా అందితే వాళ్ళ పేరు పడింది.

ఈ లెక్కలో పరాకాష్ఠ ఒక పక్షిది. టర్కీ కోడిని మచ్చిక చేసింది మెక్సికోలో. ఇంగ్లీషువాళ్ళు అంతకుముందు తుర్కీ వర్తకుల ద్వారా వచ్చిన గిన్నీకోడితో దీన్ని కలిపేసుకుని టర్కీ అన్నారు. తుర్కులేమో దాన్ని ‘హింది’ అన్నారు, అంటే భారతదేశపు పక్షి అని. భారతదేశానికి అది గోవా మీదుగా వచ్చింది. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన వింతల్లో ఒకటిగా దాన్ని చూసిన జహంగీరు ముచ్చటపడి తన జ్ఞాపకాల్లో వివరంగా వర్ణించాడు. పేరే తెలియని జంతువులు వచ్చాయని రాశాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ గీసిన ఆ పక్షి బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పక్షి మెక్సికోది, ఇంగ్లీషులో తుర్కీది, తుర్కీలో భారతదేశానిది, భారతదేశంలో మళ్ళీ ‘టర్కీ కోడి’. ఈ చక్రంలో ఒక్క చోటా మెక్సికో లేదు. 2022లో తన అంతర్జాతీయ పేరును తుర్కియేగా మార్చమని ఆ దేశం ఐక్యరాజ్యసమితిని కోరినప్పుడు, పక్షి పేరుతో వచ్చే ఇబ్బందినీ చాలామంది గుర్తుచేశారు.

మన ‘సీమ’ అనే మాట విషయంలో కొంచెం నిలిచి చూడాలి. సీమచింత మెక్సికో చెట్టు. నవాత్ల్ నుంచి వచ్చిన ‘గ్వామూచిల్’ అక్కడి పేరు. 1565 నుంచి 1815 దాకా అకపుల్కో, మనీలా రేవుల మధ్య తిరిగిన స్పెయిన్ ఓడలు దాన్ని ఫిలిప్పీన్స్‌కు చేర్చాయి. అందుకే ఇంగ్లీషులో దాని పేరు మనీలా చింత, మద్రాసు ముల్లు అని మరో పేరు. తెలుగుకూ కన్నడానికీ ఊరు అక్కర్లేకపోయింది. తెలుగు సీమచింత అంది, కన్నడం సీమెహుణసె అంది. సముద్రం అవతలిదని చెప్తే చాలనుకున్నాయి. ‘బెంగుళూరు వంకాయ’ మాటా అంతే. అది చాయోతె, మెక్సికో పాదు. తెలుగువాళ్ళకు బెంగుళూరు వైపు నుంచి వచ్చింది కాబట్టి బెంగుళూరు వంకాయ అయింది. బెంగుళూరు ఉన్న కర్ణాటకలో మాత్రం దాన్ని ‘సీమెబదనె’ అంటారు. బొప్పాయికి కన్నడంలో ‘పరంగిహణ్ణు’ అనే పేరుంది, ఫరంగీవాళ్ళ పండన్నమాట. బంతి ఇంకా విడ్డూరం. తెలంగాణ బతుకమ్మలో బంతిపూలు లేకుండా పండగ నిండదు. ఆ పూల పుట్టిల్లు మెక్సికో, ఇంగ్లీషు వాటిని ఆఫ్రికన్ అని, ఫ్రెంచ్ అని పిలుస్తుంది. తెలుగు, కన్నడాలు ఊరూ పేరూ వదిలేసి ఆకారం పట్టుకున్నాయి. కన్నడ ‘చెండుహూవు’లోని చెండు కూడా బంతే.

ఈ పేర్లన్నిటినీ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. పంట పేరులో ఊరుంటే అది పుట్టిన ఊరు కాదు, చివరిసారి మన చేతికి అందిన ఊరు. మన భాషాశాస్త్రం ఈ పేర్లను తప్పుడు పేర్లని కొట్టిపారేయకుండా వర్తక చరిత్రకు ఆధారాలుగా చదవాలి.

పత్తి దీనికి గట్టి ఉదాహరణ. దోఆబు నల్లరేగడిలో పూర్వం పండింది దేశవాళీ పత్తి. ఇప్పుడు జాలహళ్ళి చేలల్లో ఉన్న పొడవు పింజ పత్తి మరో జాతి, దాని పూర్వీకులు మెక్సికో యుకతాన్ ప్రాంతపువి. ఆ జాతి అమెరికా తోటల నుంచి 1840లలో ధార్వాడకు వచ్చి ‘ధార్వాడ-అమెరికన్’ అనే వ్యాపార నామం తెచ్చుకుంది. 20వ శతాబ్దం మొదట్లో అదే జాతి మరో దారిన మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి ‘కంబోడియా పత్తి’ అయింది. 2002లో జన్యుమార్పిడి విత్తనానికి అనుమతి వచ్చాక ‘బీటీ పత్తి’ అయింది. ఇప్పుడు పేరులో ఊరికి బదులు రెండు అక్షరాలు. విత్తన సంచి మీద కంపెనీ పేరే దాని ఊరు.

మెక్సికో పేరు చివరికి మన దగ్గరికి ఎప్పుడు వచ్చిందంటే, చేతి నుంచి చేతికి కాకుండా కాగితం మీద వచ్చినప్పుడు. 1753లో లిన్నేయస్ బ్రహ్మదండి మొక్కకు పెట్టిన శాస్త్రీయ నామంలో ‘మెక్సికానా’ ఉంది. మన బీళ్ళలో ఆ మొక్కను ఎవరూ అలా అనరు. బలురక్కసి అనైనా అంటారు గానీ మెక్సికో ఊసెత్తరు. ప్రజల నోటికి దగ్గరగా వచ్చిన మొదటి సందర్భం గోధుమ. నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో రూపొందించిన పొట్టి రకాల విత్తనాన్ని భారత ప్రభుత్వం 1966లో 18,000 టన్నులు దిగుమతి చేసింది. అందులో ప్రధానమైనది లెర్మా రోహో 64. పత్రికలు, వ్యవసాయశాఖ వాటిని మెక్సికన్ గోధుమలన్నాయి. మరుసటి ఏడాది, 1967లో, తుర్కియే కూడా 20 వేల టన్నులకు పైగా అదే దేశం నుంచి తెప్పించుకుంది. తుర్కీ రైతులకు అది ‘మెక్సికా బూదయి’ అయింది. టర్కీ కోడి విషయంలో చెరో దిక్కుకు పోయిన రెండు దేశాలు ఈసారి ఒకే మాట పలికాయి, ఎందుకంటే రెండింటికీ విత్తనం సంచుల మీదే పుట్టిన ఊరు రాసి వచ్చింది.

1986 ఫుట్‌బాల్ ప్రపంచకప్పు మెక్సికోలో జరిగినప్పుడు ప్రేక్షకుల అలను టీవీలు లోకమంతా చూపాయి. బ్రిటన్ దాన్ని ‘మెక్సికన్ వేవ్’ అంది, తుర్కీ, తెలుగు క్రీడా పేజీలూ అందుకున్నాయి. అమెరికన్లు మాత్రం ఉత్త ‘వేవ్’ అంటారు, అప్పటికే తమ స్టేడియంలలో చూసి ఉన్నారు కనుక. ఇక్కడా పేరు పుట్టుకను కాదు, మొదటిసారి చూసిన చోటును చెప్పింది.

ఇప్పుడు దేవదుర్గ రైతుకు మెక్సికోతో నేరుగా పనిపడే చోటు ఒకటి ఉంది. చేలగట్ల మీద, బస్టాండు వెనక, ఖాళీ స్థలాల్లో పెరిగే తెల్లపూల కలుపు పార్థీనియం మెక్సికో సింధుశాఖ చుట్టూ ఉన్న నేలలది. దేశంలో 1950ల నడుమ పుణెలో దాన్ని గుర్తించారు. కన్నడంలో అది ‘కాంగ్రెస్ హుల్లు’, తెలుగులో కాంగ్రెస్ గడ్డి, వయ్యారిభామ. తాకితే దద్దుర్లు తెచ్చే మొక్కకు వయ్యారిభామ అని పేరు పెట్టిన నోటిని మెచ్చుకోవాలి, దాని బాధ పడ్డవాళ్ళు మాత్రం ఆ పేరుకు మురిసిపోరు. ఆ గడ్డిని తినే పెంకుపురుగును బెంగుళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ 1983లో మెక్సికో నుంచే తెప్పించింది, పరీక్షించి 1984లో పొలాల్లో వదిలింది. వ్యవసాయ కరపత్రాల్లో దాని పేరు ‘మెక్సికన్ బీటిల్’. ఎండాకాలమంతా అది నేలలో నిద్రలో ఉండి, వానలు పడి గడ్డి మొలిచాక పైకొస్తుంది. తెలుగు కరపత్రంలో ‘మెక్సికో పెంకుపురుగు’ అని రాస్తే చదివే రైతుకు అది పురుగని వెంటనే తెలుస్తుంది, మందు కొట్టి చంపకుండా వదిలేయడానికీ ఆ తెలివిడి అవసరం. రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, తెలుగు రాష్ట్రాల వ్యవసాయ శాఖలు కలిసి ఈ దోఆబులో కన్నడ, తెలుగు, దక్కనీ నోళ్ళలో నలిగే పంటల పేర్లను, కలుపు మొక్కల పేర్లను, పురుగుల పేర్లను ఊరూరా సేకరిస్తే, కరపత్రం రాసేవాళ్ళకు ఇంగ్లీషు పేరును తెలుగు లిపిలోకి దించే అవసరం చాలావరకు తప్పుతుంది.